వెనుక వచ్చువారు

ప్రతి ఆటకును రెండు విధములైన కట్టుబాట్లు ఉండును. మొదటి విధమువి గెలుపోటములను నిర్ణయించును. చెడుగుడులో కూత ఆగినచో ఆటగాడు చచ్చినట్లే. వాలీబాలులో బంతి గీత కావల పడినచో పాయింటు పోయినట్లే. ఈ కట్టుబాట్లను కాపాడుటకు ఈల చేతబట్టిన తీర్పరి యొకడు మైదానములో నిలిచియుండును. రెండవ విధమువి మర్యాదకు సంబంధించినవి. వీనిని మీఱినవానిని ఎవరును ఆటనుండి వెళ్ళగొట్టకపోవచ్చును. కాని వానితో మఱల ఆడుటకు తోడివారికి మనసొప్పదు.

ఈ రెండవ విధపు కట్టుబాట్ల మీదనే ముఖ్యముగా ఆధారపడిన ఆట యొకటి కలదు. అది గోల్ఫు. ఆ ఆట మన పల్లెటూరి పాఠశాలలలో లేదు. మీలో పెక్కురు దానిని టెలివిజనులోనో సెల్‌ఫోనులోనో తప్ప కన్నులార చూచియుండరు. అట్లయినను దాని మర్యాదలను గూర్చి మీతో కొంత ముచ్చటింపదలచితిని. మీకు బంతి కొట్టుట నేర్పవలెనని నా యుద్దేశము కాదు. అందుకు నేను తగినవాడనును కాను. ఆ మర్యాదల అడుగున ఉన్న ఒక చిన్న ఊహ మైదానము వెలుపలగూడ మీకు ఉపయోగపడునని నా నమ్మకము.

ఆ ఊహ మొదట నాకు పరిచయమైనది గోల్ఫు మైదానములో కాదు. మాది పల్నాటిలో నరసరావుపేటకు చేరువగా, కోటప్పకొండ నీడనున్న యొక పల్లె. ఏ పొలములో నిలిచి తలయెత్తినను మూడు శిఖరముల కొండ కనబడును. దానిమీద వెలసిన స్వామిని త్రికోటేశ్వరుడని కొలుతురు. మహాశివరాత్రి తిరునాళ్ళకు చుట్టుపట్ల గ్రామములనుండి ప్రభలు తరలివచ్చును. వెదురు బొంగులతోను కలపతోను మేడలను మించిన ఎత్తున కట్టి, రంగుగుడ్డలతో, విద్యుద్దీపములతో అలంకరించిన ప్రభను నలువైపుల మోకులు పట్టి యువకులు నిలబెట్టుచుందురు. ఒక ప్రక్క మోకు సడలినచో ప్రభ వేఱొక ప్రక్కకు ఒఱగును. ముందున్న ప్రభ దారిలో నిలిచిపోయినచో వెనుకనున్నవి యన్నియు నిలిచిపోవలసినదే. అందుచేత ఊరి పొలిమేర దాటునప్పుడే మా పెద్దలు పడుచువాండ్రను హెచ్చరించుచుండిరి: "ప్రభ మనది, బాట మాత్రము అందఱిది. వెనుకవారిని చూచుకొని నడువుడు."

ఇదే మాటను నేను పొలములో మఱియొక విధముగా వింటిని. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో నీరు వదలబడిన నాగార్జునసాగరు కుడికాలువ మా మెట్టనేలల రూపును మార్చినది. కాలువ వచ్చినపిమ్మట నీటితోపాటు నీటి మర్యాదయు రావలసివచ్చినది. పైమడి రైతు తన పొలము తడిసిన తరువాత గండి పూడ్చక ఇంటికి పోయినచో క్రిందిమడికి నీరందదు. అర్ధరాత్రివేళ గండి పూడ్చినాడో లేదో చూచుటకు పొలములో ఎవరుందురు? "తన మడి తడిసెనా యని చూచుకొనువాడు రైతు, క్రిందిమడికి నీరందెనా యని కూడ చూచువాడు పెద్దరైతు" అని మా తాత చెప్పుచుండెను. ఆయన తన పని ముగిసినను లాంతరు పట్టుకొని గట్టువెంట క్రిందిమడి వఱకు నడచిపోవుట నేను పెక్కుమార్లు చూచితిని.

ఈ రెండు మాటలును కొన్నియేండ్లకు నాకు అనుకొననిచోట మఱల వినబడినవి. మా మేనత్త కుమారుడు, నాకు వరుసకు బావ, హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు క్రొత్తగా గోల్ఫు నేర్చుకొనుచుండెను. నేను వారి యింట నాలుగు దినములు ఉండుటకు పోయినప్పుడు ఒకనాటి తెల్లవాఱుజామున, "బావా! ఇంటిలో కూర్చుండి యేమి చేయుదువు? నావెంట రమ్ము" అని తీసికొనిపోయెను. గోల్కొండ కోట నానుకొని నయాఖిల్లా యను భాగము కలదు. పాత కోటగోడలును, బురుజులును, ఏనుగుచెట్టని జనులు పిలుచు ఒక మహావృక్షమును అందున్నవి. ఆ ప్రాత రాళ్ళ నడుమనే నేటి గోల్ఫు మైదానము పచ్చగా పఱచుకొనియున్నది. మన రాష్ట్రములో విశాఖపట్టణమునను సముద్రమునకు చేరువగా ఇట్టి మైదానము కలదు.

ఆట యెట్టిదో ముందు క్లుప్తముగా చెప్పెదను. పూర్తి మైదానములో 18 గుంటలుండును. ఒక్కొక్క గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు మాత్రమే. బంతి యడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. ఆటగాడు తన సంచిలో 14 కఱ్ఱలకంటె ఎక్కువ ఉంచుకొనరాదు. ఆట మొదలుపెట్టు చోటును టీ యందురు. అక్కడినుండి గుంట నూఱు మీటర్ల దూరములో ఉండవచ్చును, అయిదువందల మీటర్ల దూరములోనైనను ఉండవచ్చును. నడుమ కత్తిరించిన పచ్చికబాట యుండును. దాని పేరు ఫెయిర్‌వే. అక్కడక్కడ బంకరులను ఇసుకపల్లములుండును. గుంట చుట్టును తివాచివలె నున్నగానుండు పచ్చికను గ్రీను అందురు. ఎవరు తక్కువ దెబ్బలలో 18 గుంటలను ముగింతురో వారిదే గెలుపు.

ఈ యాట పుట్టినిల్లు స్కాట్లండు. జనులు విలువిద్య సాధన మాని దీనివెంట పడుచున్నారని 1457లోనే అచ్చటి పార్లమెంటు గోల్ఫును నిషేధించెను. నిషేధము నిలువలేదు, ఆట నిలిచెను. 1744లో ఎడింబరో నగరమునకు చేరువనున్న లీత్ అను చోట కొందఱు ఆటగాండ్రు 13 నియమములను వ్రాసికొనిరి. మనకు తెలిసిన గోల్ఫు నియమావళులలో అదియే మొదటిది. మనదేశములో 1829లో కలకత్తా నగరమున గోల్ఫు సంఘము ఏర్పడెను. బ్రిటిషు దీవుల వెలుపల పుట్టిన గోల్ఫు సంఘములలో అదియే అతి ప్రాచీనమని ప్రసిద్ధి.

ఇక ఆనాటి సంగతి. బావవెంట కఱ్ఱల సంచిని మోయుటకు ఒక వృద్ధుడు వచ్చెను. అట్లు ఆటగానికి తోడుగా నడచుచు సలహా చెప్పువానిని క్యాడీ యందురు. ఆయన బాల్యమునుండియు ఈ పనిలోనే యున్నవాడట. బావ ఫెయిర్‌వేలో బంతిని బలముగా కొట్టెను. బంతితోపాటు అరచేతి వెడల్పున పచ్చికపెళ్ళ యొకటి లేచి దూరముగా పడెను. బావ సంతోషముతో బంతి పోయిన దిక్కునకు పరుగిడబోయెను. వృద్ధుడు కదలలేదు.

"బాబూ! బంతి ఎక్కడికిని పోదు. ముందు ఈ గాయము మాన్పి పొండు" అనెను.

"ఈ పనికి తోటవాండ్రు లేరా?" అని బావ అడిగెను.

"ఉన్నారు బాబూ! కాని వారు వచ్చులోపల మీ వెనుకవారు వత్తురు. వారి బంతి ఈ పల్లములో పడినచో చేతితో తీసి మంచిచోట పెట్టుకొనుటకు వీలులేదు. ఉన్నచోటినుండియే కొట్టవలెను. మీరు చేసిన గుంటకు దండుగ వారు కట్టుదురు."

బావ మాఱుపలుకక వెనుకకు వచ్చెను. వృద్ధుడు తన భుజమున వ్రేలాడు సంచినుండి ఇసుక తీసి ఇచ్చెను. బావ దానిని పల్లములో నింపి కాలితో చదునుచేసెను. కొన్ని మైదానములలో లేచిపోయిన పెళ్ళనే తెచ్చి యథాస్థానమున కప్పి త్రొక్కుదురు. మఱికొన్నిట ఇసుక నింపుదురు. అది అచ్చటి గడ్డిజాతినిబట్టి యుండును. చేయు విధము వేఱైనను చేయవలసినవాడు మాత్రము ఒక్కడే: గాయము చేసినవాడు.

అక్కడినుండి నేను ఆటకంటె ఆ వృద్ధుని మాటలనే ఎక్కువ శ్రద్ధతో గమనింపసాగితిని. గ్రీనుమీది గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే ఉండునట్లు కత్తిరింతురు. ఎత్తునుండి వచ్చి పడిన బంతి అచ్చట చిన్న సొట్ట చేయును. ఆటగాండ్రు జేబులో రెండు మొనల చిన్న పనిముట్టు నొకదానిని ఉంచుకొందురు. దానితో సొట్ట అంచులను నలువైపులనుండి లోపలికి నెట్టి, పైన కఱ్ఱతో మెల్లగా అదుమవలెను. అడుగునుండి మట్టిని పైకి ఎత్తరాదు. ఎత్తినచో గడ్డివేళ్ళు తెగును. వెంటనే సరిచేసిన సొట్ట కొలదికాలములోనే మానును. విడిచిపెట్టినచో అచ్చటి గడ్డి చచ్చి, మచ్చ వారముల తరబడి ఉండిపోవును. అర నిమిషపు శ్రద్ధ ఎన్ని దినముల నష్టమును తప్పించుచున్నదో చూడుడు. "మీది ఒకటి సరిచేసినచో మర్యాద, ప్రక్కనున్న పరాయిది కూడ సరిచేసినచో పుణ్యము" అని వృద్ధుడు నవ్వుచు చెప్పెను.

ఇసుకపల్లము సంగతియు ఇట్టిదే. దానిలోనికి ఎత్తైన అంచునుండి దుమికినచో అంచు విఱిగి ఇసుక జాఱును. కావున పల్లముగానున్న వైపునుండి దిగవలెను. బంతిని కొట్టిన పిమ్మట అచ్చటనే యుంచిన పండ్లమానుతో తన అడుగుజాడలను, బంతి చేసిన పల్లమును చదునుచేసి వెలుపలికి రావలెను. తరువాత వచ్చినవారు చూచినప్పుడు ఆ యిసుకలో ఎవరైనను దిగినట్లు కనబడకూడదు. దుక్కి దున్ని గుంటక తోలిన చేనువలె అది నున్నగా నుండవలెను.

కొన్ని మర్యాదలు ప్రాణరక్షణకు సంబంధించినవి. గట్టిగా కొట్టిన గోల్ఫుబంతి గంటకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన వేగముతో పోగలదు. అది తగిలినచో కన్ను పోవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. అందువలన ముందు నడచువారు బంతి అందు దూరమును దాటిపోవువఱకు వెనుకవారు కొట్టరాదు. కఱ్ఱ విసరి చూచుకొనునప్పుడు ప్రక్కన మనిషి లేడని నిశ్చయించుకొనవలెను. ఎంత జాగ్రత్తపడినను బంతి గుఱి తప్పి మనుష్యులవైపు పోయినచో "ఫోర్!" అని గొంతెత్తి అఱవవలెను. ఆ కేక విన్నవారు తల దాచుకొందురు. ఇక్కడ సిగ్గుపడరాదు. తన దెబ్బ తప్పినదని పదిమందికి తెలియునేమోయని నోరు మూసికొనువాడు తన పరువునకై పరుల ప్రాణమును పణముగా పెట్టినవాడగును. ప్రభ ఒఱుగుచున్నప్పుడు మోకు పట్టినవాడు అఱవకున్నచో ఏమగునో మా యూరివారికి చెప్పనక్కఱలేదు.

మఱికొన్ని తోడివాని మనసునకు సంబంధించినవి. ఒకడు బంతిని కొట్టబోవుచుండగా ఇతరులు కదలరాదు, మాటలాడరాదు. సెల్‌ఫోను మ్రోగరాదు. అతనికి మరీ దగ్గఱగాగాని, బంతికి సరిగా వెనుకగాగాని నిలువరాదు. గ్రీనుమీద బంతికిని గుంటకును నడుమనున్న దారిని త్రొక్కరాదు. అంతేకాదు, తన నీడ ఆ దారిమీద పడకుండ తొలగి నిలువవలెను. నీడకు బరువు లేదు, నీడ గడ్డిని నలుపదు. అయినను అది ఎదుటివాని చూపును చెదరగొట్టును. తాను ఓడింపవలెనని కోరుకొను ప్రత్యర్థికే ఇంతటి నెమ్మది కల్పించి, ఆ తరువాత అతనిని ఓడింప ప్రయత్నించుట నాకు మిక్కిలి ముచ్చట గొలిపెను.

ఆట సాగవలసిన వేగమునకును మర్యాద కలదు. ఒక జట్టులో సామాన్యముగా నలుగురికి మించి యుండరు. ఒక జట్టు వెనుక ఒకటిగా జట్లన్నియు ఒకే దారిలో నడచును. పోయిన బంతిని వెదకుటకు వెనుక అయిదు నిమిషముల గడువుండెడిది. 2019 నుండి దానిని మూడు నిమిషములకు తగ్గించిరి. గుంటకు ఎక్కువ దూరములోనున్నవాడు ముందు కొట్టుట పూర్వాచారము. కాని కాలము కలిసివచ్చుటకై, అపాయము లేనప్పుడు, సిద్ధముగా నున్నవాడే ముందు కొట్టవచ్చునని నేటి నియమావళి ప్రోత్సహించుచున్నది. తమ జట్టు మందముగా నడచుచున్నదని తెలిసినచో ప్రక్కకు తొలగి, వెనుకనున్న వేగవంతుల జట్టును ముందుకు పంపవలెను. గుంటలో బంతి పడిన పిమ్మట అక్కడనే నిలిచి లెక్కలు వ్రాసికొనరాదు. తరువాతి టీ దగ్గఱకు పోయి వ్రాసికొనవలెను. ఈ మాటలు వినుచుండగా తిరునాళ్ళ బాటలో మా పెద్దల హెచ్చరిక నా చెవిలో మ్రోగెను.

కోటప్పకొండ మెట్లదారిలో గొల్లభామ గుడి కలదు. స్వామి ఆమె భక్తికి మెచ్చి ఆమెవెంట ఇంటికి వచ్చుటకు ఒప్పుకొనెననియు, దారిలో వెనుదిరిగి చూడరాదని చెప్పెననియు, ఆమె తిరిగి చూడగా ఆయన అక్కడనే శిలయై నిలిచెననియు స్థలపురాణము. చిన్నతనమున ఈ కథ వినినప్పుడెల్ల ఆమె వెనుదిరుగకుండిన బాగుండెడిదని నేను విచారపడుచుండెడివాడను. గోల్ఫు మైదానములో దీనికి వ్యతిరేకమైన ఆజ్ఞ కనబడి నాకు నవ్వు వచ్చినది. ఇచ్చట ప్రతి దెబ్బ తరువాతను వెనుదిరిగి చూడవలెను: నేను నేలకేమి చేసితిని? నా వెనుక ఎవరున్నారు? వారు ఎంతసేపటినుండి వేచియున్నారు?

ఇంతవఱకు చెప్పినవి నేలకును, తోడివారికిని సంబంధించిన మర్యాదలు. వీనికన్న గట్టిది మఱియొకటి కలదు. గోల్ఫులో ప్రతి ఆటగానివెంట తీర్పరి నడువడు. గడ్డి దుబ్బులలో, చెట్ల చాటున, ఒంటరిగా బంతివద్ద నిలిచిన ఆటగాడు తన దెబ్బలను తానే నిజాయితీతో లెక్కపెట్టి చెప్పవలెను. పోటీలలో ఒకరి లెక్కను మఱియొకరు వ్రాయుదురు గాని, ఎవరును చూడని తప్పును చెప్పవలసినవాడు ఆటగాడే.

1925లో అమెరికాలోని వుస్టర్ పట్టణమున యునైటెడ్ స్టేట్స్ ఓపెన్ పోటీ జరిగెను. అందు బాబీ జోన్స్ అను యువకుడు ఆడుచుండెను. మొదటి వరుస ఆటలో అతడు గడ్డిలోనున్న బంతిని కొట్టుటకు కఱ్ఱ నానించగా బంతి లేశమాత్రము కదలెను. ఇతరులెవరును దానిని చూడలేదు. బంతి కదలినదని అతడే చెప్పి, ఒక దెబ్బను తన లెక్కలో తానే కలుపుకొనెను. పోటీ ముగిసినప్పుడు అతడును విల్లీ మక్‌ఫార్లేన్ అను నాతడును సమానముగా నిలిచిరి. ఆ యొక్క దెబ్బ కలుపుకొననిచో జోన్సు అప్పుడే విజేత. తీర్పునకై మఱల 18 గుంటలు ఆడిరి, మఱల సమానమే. ఇంకొక 18 గుంటలు ఆడిరి. చివరకు జోన్సు ఒక్క దెబ్బ తేడాలో ఓడిపోయెను. అందఱును తన నిజాయితీని పొగడగా, దొంగతనము చేయనందుకు మనిషిని పొగడుదురా యన్నట్లు అతడు ఆ పొగడ్తను త్రోసిపుచ్చెనని చెప్పుదురు. ఆ సంవత్సరపు గెలుపు మక్‌ఫార్లేనుదే. కాని ఒక శతాబ్దము గడచిన తరువాత గూడ ఆ పోటీని తలచుకొనువారు జోన్సు పేరునే ముందు చెప్పుచున్నారు.

2019కి పూర్వము గోల్ఫు నియమావళిలో మర్యాదలకు ప్రత్యేకముగా ఒక భాగముండెను. ఆ యేట నియమములను మార్చి వ్రాసినప్పుడు దానిని మొదటి నియమములోనే చేర్చిరి. నిజాయితీతో ఆడుట, ఇతరుల క్షేమమును చూచుట, మైదానమును కాపాడుట ప్రతి ఆటగానినుండి ఆశింపబడునని అందు వ్రాయబడియున్నది. గెలుపోటముల లెక్కలన్నియు ఆ తరువాతనే వచ్చును.

ఇన్ని మంచిమాటలు చెప్పిన తరువాత నా మనసులో మెదలిన ఒక సందేహమును దాచుట న్యాయము కాదు. ఆ ఉదయము మా ముందు నడచిన జట్టులో ఒక పెద్దమనిషి ఉండెను. గ్రీనుమీద అతనివంటి మర్యాదస్థుడు లేడు. ప్రతి సొట్టను సరిచేసెను. తన నీడను సైతము అదుపులో నుంచుకొనెను. కాని తన సంచి మోయు కుఱ్ఱవానిని ఒక్కమారైనను పేరుపెట్టి పిలువలేదు. కఱ్ఱ కావలసినప్పుడు వెనుదిరిగి చూడకయే చిటికె వేసెను. పని తీఱిన పిమ్మట చూడకయే వెనుకకు విసరెను. ఆ కుఱ్ఱవాడు పరుగెత్తి దానిని పట్టుకొనెను.

నేను వృద్ధునివైపు చూచితిని. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట మెల్లగా, "గడ్డికి నొప్పి యని తెలిసికొనుట తొలిమెట్టు బాబూ! వారింకను ఆ మెట్టుమీదనే యున్నారు" అనెను.

ఆ మాట నా మనసులో నాటుకొనినది. తోడి ధనవంతునికి మాత్రమే చూపు మర్యాద ఒక వేషము వంటిది. మైదానపు ద్వారము దాటగానే దానిని విడిచివేయవచ్చును. తెల్లవాఱకముందే లేచి గడ్డి కత్తిరించినవారికి, ఎండలో సంచి మోసినవారికి చేరని మర్యాద సగము మర్యాదయే. ఆ సంచులు మోసినవారిని తక్కువగా చూడరాదని ఈ యాట చరిత్రయే చెప్పుచున్నది. ఢిల్లీలో క్యాడీగా జీవితమును ఆరంభించిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ పోటీని గెలిచెను. వృత్తి ఆటగాండ్రలో ఆ గెలుపును సాధించిన మొదటి భారతీయుడాతడే. 1993లో మఱల గెలిచెను. నిన్న సంచి మోసినవాడు నేడు విజేతగా నిలుచుట కన్నులార చూచినవారు ఎవరినైనను చిటికె వేసి పిలుతురా? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో బెంగుళూరు యువతి అదితి అశోక్ పతకమునకు ఒక్క మెట్టు దిగువన, నాలుగవ స్థానమున నిలిచినప్పుడు ఆమెకు క్యాడీగా సంచి మోసినది ఆమె తల్లియే.

రైతుబిడ్డనైన నాకు మఱియొక ఆలోచనయు కలిగినది. ఇట్టి మైదానమునకు నూఱెకరములకు మించిన నేల పట్టును. అంత నేలలో మా వైపున ఎంత మిరప, ఎంత ప్రత్తి పండును! పచ్చికను పెంచుటకు నీరును ఎక్కువగానే కావలయును. అందుచేత నేడు పెక్కుచోట్ల వాడిన నీటిని శుద్ధిచేసి గడ్డికి పెట్టుచున్నారు. అది మెచ్చదగిన పద్ధతి. వెనుక వచ్చు ఆటగానికై ఇసుకను చదునుచేయువారు, కాలువ చివరనున్న రైతునకై నీటినిగూడ చూచుకొనవలెను గదా! మర్యాదకు హద్దు గీచి, ఇంతవఱకే నా వెనుకవారు, అటుపైనున్నవారు నాకేమియు కారని చెప్పుటకు వీలులేదు.

బాలబాలికలారా! మీలో ఒకరిద్దఱు ఎప్పుడైనను ఆ పచ్చిక మైదానములో అడుగిడవచ్చును. అప్పుడు ఈ చిన్న మాటలు మీకు అక్కఱకు వచ్చును. వేళకు ముందే చేరుడు. మీ బంతిని గుర్తుపట్టునట్లు దానిమీద గీత గీచికొనుడు. ఇతరులు ఆడునప్పుడు నిశ్శబ్దముగా నిలువుడు. పెకలించిన పెళ్ళను కప్పుడు, సొట్టను పూడ్చుడు, ఇసుకను చదును చేయుడు. బంతి మనుష్యులవైపు పోయినచో సిగ్గుపడక కేక వేయుడు. మీ లెక్కను మీరే నిజముగా చెప్పుడు. చివరి గుంట ముగిసిన పిమ్మట టోపీ తీసి తోడివారితో చేయి కలుపుడు. సంచి మోసినవారికి పేరుపెట్టి కృతజ్ఞత చెప్పుడు.

మిగిలినవారికి ఆ మైదానము ఎన్నడును ఎదురుపడకపోవచ్చును. కాని మీ పాఠశాలలో చెడుగుడు గిరి కలదు; దానిలో పడిన గులకఱాయిని ఏరివేయుట ఎవరి పని? గ్రంథాలయములో పుస్తకము కలదు. దాని పుట మడత విప్పి ఇచ్చుట ఎవరి పని? మంచినీటి కుళాయి కలదు. తాను త్రాగిన పిమ్మట దానిని కట్టివేయుట ఎవరి పని? తరగతి ముగిసి మీరు లేచిపోయిన బల్లమీద రేపు మఱియొకరు కూర్చుందురు. వారెవరో మీరెఱుగరు, మీరు చేసిన మేలు వారును ఎఱుగరు. ఎవరును చూడనివేళ, ఎవరును మెచ్చుకొననిచోట, వారి కొఱకు ఆ బల్లను తుడిచిపెట్టిన బాలుడు గోల్ఫు కఱ్ఱను చేతబట్టకయే ఆ యాటలోని ముఖ్యమైన పాఠమును నేర్చినవాడగును.